పీపీలో కార్బన్ కలిపినా మీటర్ ఎందుకు కదలడం లేదు?

పాలీప్రొపిలీన్ (పీపీ) ప్లాస్టిక్‌లో 5 శాతం నల్ల మాస్టర్‌బ్యాచ్ (కార్బన్ దట్టంగా కలిపిన ప్లాస్టిక్ గుళికలు) వేసి సర్క్యూట్ బోర్డుల ట్రేలు పోశారు, మల్టీమీటర్ ‘ఓపెన్’ అంటోంది, అదీ మీ ప్రశ్న. మీరు కొన్నది రంగు కోసం చేసిన మాస్టర్‌బ్యాచ్ అయ్యుంటుంది. అందులో కార్బన్ సగమే ఉన్నా ట్రేలోకి వచ్చేది రెండున్నర శాతమే. దాంతో ట్రే నల్లబడుతుంది, కరెంటు మాత్రం పారదు.

కార్బన్ రేణువులు ఒకదానికొకటి తగలాలి, లేదా మధ్య ఎడం కొన్ని నానోమీటర్లకు మించకూడదు. వాగులో రాళ్ల మీద అడుగేస్తూ దాటడం లాంటిదే ఇది, ఒక్క రాయి అంగకి అందకపోయినా అక్కడే ఆగిపోతాం. అందుకే శాతం పెంచుతున్నా చాలాదూరం ఏ మార్పూ ఉండదు, ఒక హద్దు దాటగానే నిరోధం లక్షల రెట్లు పడిపోతుంది. ఆ హద్దే పెర్కోలేషన్ త్రెషోల్డ్. మామూలు కండక్టివ్ బ్లాక్ (కరెంటు పారేందుకు చేసిన కార్బన్ పొడి) అయితే 15-20 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కెట్జెన్‌బ్లాక్ లాంటి హై స్ట్రక్చర్ (రేణువులు కొమ్మల్లా గొలుసుకట్టిన) రకాలు అందులో సగంతోనే సరిపెడతాయి. కార్బన్ నానోట్యూబులు (అతిసన్నని కార్బన్ గొట్టాలు) 2-3 శాతం చాలు గానీ ధర చూస్తే గుండె గుభేల్మంటుంది.

నేను కాంపౌండింగ్ యూనిట్లో (ప్లాస్టిక్‌లో ఇతర పదార్థాలు కలిపే చోట) పనిచేసేటప్పుడు ఎక్కువ గొడవ మిక్సింగ్ దగ్గరే వచ్చేది. బాగా కలిస్తే మంచిదేగా అని కొత్త ఆపరేటర్లు స్క్రూ స్పీడు పెంచేసేవాళ్లు. ఆ ఒత్తిడికి కార్బన్ గొలుసులు తెగిపోయి, అదే ఫార్ములా ఇన్సులేటర్‌గా బయటికొచ్చేది. బ్లాక్‌ని మొదట్లోనే కాకుండా, పీపీ కరిగాక సైడ్ ఫీడర్‌లో (మెషీన్ పక్కనుంచి వేసే దారిలో) వేయడం మొదలుపెట్టాక చాలా వరకు కుదురుకుంది.

మౌల్డింగ్‌లోనూ ఇదే తంతు. వేగంగా ఇంజెక్ట్ చేస్తే పైపొరలో పీపీ ఎక్కువ, కార్బన్ తక్కువ అవుతుంది. స్పీడు తగ్గించి, మౌల్డ్ వేడి పెంచి చూడండి.

ఇక మల్టీమీటర్. చాలా వాటి పరిధి 20-40 మెగాఓమ్‌లే. స్టాటిక్ డిసిపేటివ్ (స్టాటిక్ చార్జిని మెల్లగా వదిలించే) ట్రేకి 10 వేల ఓమ్‌ల నుంచి 10 వేల కోట్ల ఓమ్‌ల లోపు సర్ఫేస్ రెసిస్టెన్స్ (పైతలం మీద నిరోధం) సరిపోతుంది, అంటే పనికొచ్చే ట్రేని కూడా మీ మీటర్ ‘ఓపెన్’ అనే చూపించగలదు. 100 వోల్టుల దగ్గర కొలిచే సర్ఫేస్ రెసిస్టెన్స్ మీటర్ ఎవరిదగ్గరైనా అరువు తెచ్చుకోండి.

ఒక్క హెచ్చరిక. 20 శాతం బ్లాక్ వేస్తే మెల్ట్ ఫ్లో (కరిగిన ప్లాస్టిక్ పారే గుణం) బాగా తగ్గుతుంది, ట్రే పెళుసెక్కుతుంది. కింద పడితే పగిలే ట్రేలు మీ కస్టమర్ తీసుకుంటారా, ముందే అడిగి పెట్టుకోండి. బ్లాక్ డేటాషీట్‌లో ఆయిల్ అబ్సార్ప్షన్ విలువ (ఆ పొడి ఎంత నూనె పీల్చుకుంటుందో చెప్పే అంకె, స్ట్రక్చర్ ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది) ఎంతుందో ఇక్కడ రాస్తే, ఎంత శాతంతో మొదలుపెట్టాలో చెబుతాను.