పాఠకుల ప్రశ్నలు: అత్తమ్మతో ఆల్ప్స్‌కి కారులో

ప్రశ్న: మా బిడ్డ, అల్లుడు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉంటారు. వచ్చే ఎండాకాలం మా ఆయన, నేను, 72 ఏళ్ల మా అత్తమ్మ అక్కడికి పోతున్నాం. అల్లుడు వారం సెలవు పెట్టి జెనీవా సరస్సు నుంచి సముద్రం దాకా ఆల్ప్స్ మొత్తం కారులో తిప్పుతానంటున్నాడు, మా ఆయన కూడా నడుపుతానంటున్నారు. అత్తమ్మకు ఘాట్ రోడ్డంటేనే కళ్లు తిరుగుతాయి. వారంలో అవుతుందా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: దూరం లెక్కన అవుతుంది, కానీ అత్తమ్మ వెంట ఉండగా ఆ ప్లాన్ వద్దు. మీ అల్లుడు అనుకుంటున్న దారి సుమారు 700 కిలోమీటర్లు, మధ్యలో పదిహేనుకు పైగా కనుమలు, వాటిలో ఇజెరాన్ అయితే 2,764 మీటర్ల ఎత్తు. మన నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కి దిగినంత తేలిక కాదు. రోజూ అట్లా పోతే నడిపే మనిషికి రోడ్డు తప్ప ఏదీ కనపడదు, పెద్దావిడకు కడుపులో తిప్పడమే మిగులుతుంది.

అసలు అంత దూరం ఎందుకండీ, గ్రెనోబుల్ ఉన్నదే కొండల మధ్య! అక్కడి నుంచి లా గ్రావ్ అనే చిన్న ఊరికి రెండు గంటల ప్రయాణం, అక్కడ మూడు రాత్రులు ఉండండి. ఊరికి ఎదురుగానే లా మేజ్ శిఖరం, దాదాపు నాలుగు వేల మీటర్లు, దాని మీది హిమానీనదాలు వీధిలో నిలబడితే కనపడతాయి. ఊరికి పైన షాజలే అనే పల్లె ఉంది, ఫ్లాస్కులో చాయ్ పోసుకొని పొద్దున్నే అక్కడికి పోయి కూర్చోండి, ఎందుకంటే కొండల్లో మధ్యాహ్నానికి మబ్బు పట్టేస్తుంది.

ఒక రోజు లోతారే కనుమకు (2,058 మీటర్లు) పోండి. దారి వెడల్పుగా ఉంటుంది, అత్తమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా చూడమనండి, బీపీ ఉంటే బయలుదేరే ముందే డాక్టరును అడగండి. అక్కడ 1899లో మొదలైన కొండమొక్కల తోట ఉంది, నాకైతే ఈ దారి మొత్తంలో అదే ఇష్టం. ఆవిడకు మీ బిడ్డను తోడుంచి మిగతావాళ్లు గలిబియే కనుమ (2,642 మీటర్లు) ఎక్కి రావచ్చు, ఎనిమిది కిలోమీటర్లే, కానీ జూలైలో కూడా స్వెటర్ కావాలి. తర్వాత బ్రియాన్సాన్ కోట చూసుకొని సెర్-పోన్సాన్ సరస్సు దగ్గర ఆంబ్రాన్‌లో రెండు మూడు రాత్రులు, ఆపైన గాప్ అనే ఊరి మీదుగా ఇంటికి.

మీ ఆయన నడపాలంటే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, మన లైసెన్సు కూడా వెంట ఉండాలి. అల్లుడి కారు ఇన్సూరెన్స్ వేరేవాళ్లు నడిపితే వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. అక్కడ బండి కుడివైపు నడపాలి, బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లకే ముందు దారి. ఇరుకు ఘాట్‌లో ఎదురుపడితే మామూలుగా దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. వెనక ఎవరైనా తొందరపడుతుంటే టెన్షన్ పడొద్దు, చోటు చూసి పక్కకు ఆపి పోనివ్వండి.

అన్నిటికంటే ముఖ్యం, దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే ఉంచొద్దు, చిన్న గేరులో దిగాలి. గాప్ నుంచి గ్రెనోబుల్ వచ్చే దారిలో లఫ్రే దిగుడు చాలా నిటారు, 2007లో పోలండ్ యాత్రికుల బస్సు అక్కడే లోయలో పడి 26 మంది చనిపోయారు. ఆ ముక్క అల్లుణ్ణే నడపనివ్వండి.

జూన్ చివరి వారం గానీ సెప్టెంబర్ మొదట్లో గానీ పెట్టుకోండి. జూలై, ఆగస్టు శనివారాల్లో దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది, పైగా జూలైలో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు వచ్చిన రోజు కనుమలు మూసేస్తారు.

పల్లెల్లో హోటళ్లు మధ్యాహ్నం రెండు దాటితే అన్నం పెట్టవు కాబట్టి వంటగది ఉన్న ఇల్లే అద్దెకు తీసుకోండి. సకినాలు, మామిడికాయ తొక్కు తీసుకుపోవచ్చు, నెయ్యి మాత్రం వద్దు, బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి యూరప్‌లో ఒప్పుకోరు. మీ బిడ్డను అక్కడి వెన్న కొని కాచి ఉంచమనండి.