125 యూనిట్లు దాటితే కరెంటు బిల్లు మొత్తానికీ 6 రూపాయల రేటే పడుతుందా?

పడదు, 125 దాటిన యూనిట్లకే 6 రూపాయలు. దానికి ముందు కాల్చినవి వాటి వాటి శ్లాబు రేట్లలోనే ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చే ఇంటి కనెక్షన్లకైనా, ఆంధ్రప్రదేశ్‌లో మరెక్కడైనా లెక్క ఇదే. 2022-23 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు. ఆపైన 400 వరకు 8.75, అది కూడా దాటితే 9.75. ఒక్కో శ్లాబు నిండాకే తర్వాతి రేటు మొదలవుతుంది.

విజయనగరంలో ఓ ఇంట్లో నెలకు 130 యూనిట్లు కాలాయనుకోండి. 57 + 135 + 225 + 30, వెరసి 447 రూపాయలు. 125 దగ్గరే ఆగి ఉంటే 417. అంటే ఆ అయిదు యూనిట్ల భారం 30 రూపాయలే, ఎనర్జీ చార్జీ (కాల్చిన యూనిట్లకు పడే చార్జీ) వరకు.

"ఒక్క యూనిట్ దాటినా బిల్లంతా పై రేటుకి ఎక్కేస్తుంది" అన్న భయం పాత పద్ధతి నుంచి వచ్చింది. అప్పట్లో వాడకాన్నిబట్టి ఏ, బీ, సీ గ్రూపులుండేవి. గ్రూపు మారితే మొదటి యూనిట్ల రేటూ మారేది. 2022-23లో ఆ గ్రూపులు పోయాయి. ఇప్పుడు వాడకం పెరగకపోయినా బిల్లు ఉబ్బిందంటే ముందు చూడాల్సింది శ్లాబును కాదు, ఇంధన ఖర్చుల తేడాకి బిల్లు కింద విడిగా వేసే ఇంధన సర్దుబాటు చార్జీని. అందులో పాత నెలల బాకీ కూడా కలిసి ఉండొచ్చు.