కోర్సు ఆగింది, వాయిదా ఆగలేదు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నా వయసు 34. 2012లో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి, ఊళ్లో ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. సాఫ్ట్‌వేర్ వైపు మారాలని, ఉద్యోగం చేస్తూనే నేర్చుకోవచ్చంటే ఆరు నెలల ఫుల్ స్టాక్ జావా కోర్సులో చేరాను. ఫీజు 82,000 రూపాయలు. పదివేలు ఫోనులో కట్టాను. మిగిలిన 72,000కు వాళ్లే ఒక ఫైనాన్స్ కంపెనీ ద్వారా వడ్డీ లేని అప్పు ఇప్పించారు, నెలకు 6,000 చొప్పున 12 వాయిదాలు. ఉద్యోగం రాకపోతే డబ్బు వాపసు అన్నారు. మూడు వారాలు మాస్టారు పాఠం చెప్పారు. ఆయన మానేశాక పాత వీడియోలు పంపి చూసుకోమంటున్నారు. మూడు వాయిదాలు కట్టాను. మూడోది నాలుగు రోజులు ఆలస్యమైతే రాత్రి తొమ్మిది గంటలకు మా వారికి ఫోను చేసి గట్టిగా మాట్లాడారు. మానేస్తానంటే 'ఫీజు వాపసు లేదు' అని నేను సంతకం పెట్టిన ఫారం చూపిస్తున్నారు. సరిచూస్తామని తీసుకున్న డిగ్రీ ఒరిజినల్స్ రాజమహేంద్రవరంలోని వాళ్ల ఆఫీసులోనే ఉన్నాయి. బ్యాంకుకు వెళ్లి వాయిదా ఆపించేయాలనుకుంటున్నాను. ఆపవచ్చా? డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: బ్యాంకుకు మాత్రం ఇప్పుడే వెళ్లకండి. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టిన మాట అదొక్కటే.

కోర్సులో చేరానని మీరు అనుకుంటున్నారు. కాగితాల మీద మీరు చేసినవి రెండు పనులు. సంస్థతో పాఠాల ఒప్పందం ఒకటి, ఫైనాన్స్ కంపెనీతో అప్పు ఒప్పందం మరొకటి. ఆ 72,000 మీ కంటికి కనిపించలేదు, నేరుగా సంస్థ ఖాతాకు వెళ్లిపోయింది. అయినా బాకీదారు మీరే. పాఠం ఆగింది కాబట్టి వాయిదా కూడా ఆగాలని మీకు అనిపించడం సహజం. దాళ్వాలో, అంటే రెండో పంటకు, శివారు పొలానికి కాలువ నీరు అందకపోతే ఎరువు బస్తాల అప్పు ఇచ్చిన షావుకారు ఊరుకుంటాడా? ఫైనాన్స్ కంపెనీ కూడా అంతే.

చెక్కు బౌన్స్ కేసు గురించి అందరికీ తెలుసు. వాయిదా మీ ఖాతా నుంచి దానంతట అదే వెళ్లేలా ఫోనులో ఓటీపీ కొట్టి ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి మీద కూడా అలాంటి కేసే పెట్టవచ్చని చాలామందికి తెలియదు. ఖాతాలో డబ్బు చాలక వాయిదా తిరిగిపోతే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ వర్తిస్తుంది. రెండేళ్ల వరకు జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ముందుగా నోటీసు రావాలి, అందిన 15 రోజుల్లో కట్టేస్తే కేసు నిలవదు. అంత దూరం తెచ్చుకోవడం ఎందుకు? రొయ్యల మేత దుకాణంలో పనిచేసే కుర్రాడొకరు ఇలాగే కోపంతో వాయిదాలు ఎగ్గొట్టి, ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతలి కోర్టు నుంచి వచ్చిన నోటీసు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. పాఠాలు చెప్పని సంస్థ హాయిగా ఉంది, ఇతను ముద్దాయి అయ్యాడు.

కాబట్టి కొన్నాళ్లు కట్టండి. కట్టే ప్రతిసారీ 'వివాదం ఉంది, నా హక్కులు వదులుకోకుండా కడుతున్నాను' అని ఫైనాన్స్ కంపెనీకి ఒక ఈమెయిల్ పంపండి. వాయిదాలను చట్టబద్ధంగా ఆపించే దారి వేరే ఉంది, చివరికి అక్కడికే వస్తాను.

ఇక సంస్థ సంగతి. దాని మీద ఫిర్యాదు వేయాల్సింది వినియోగదారుల కమిషన్‌లో, డబ్బిచ్చి కొన్న సరుకులో, సేవలో నష్టపోయినవారి ఫిర్యాదులు వినే చోటు అది. చదువు చెప్పడం వ్యాపార సేవ కాదు, వినియోగదారుల కమిషన్‌కు ఈ కేసు వినే అధికారం లేదు అని వాళ్ల వకీలు మొదటి రోజే అంటాడు. మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పిన తీర్పు చూపిస్తాడు. ఆ తీర్పు విశ్వవిద్యాలయం గురించి. 2020 జనవరిలో మను సోలంకి కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ విస్తృత ధర్మాసనం ఈ తేడానే విడదీసి చెప్పింది: నియంత్రణ సంస్థల కింద నడిచే బడులు, కళాశాలలు వేరు, కోచింగ్ కేంద్రాలు వేరు, కోచింగ్ కేంద్రాలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయి. మీ సంస్థ ఇచ్చేది డిగ్రీ కాదు, దాని మీద ఏ విశ్వవిద్యాలయం ముద్రా లేదు. డబ్బు పుచ్చుకుని నైపుణ్యం నేర్పే దుకాణం అది. దుకాణం అన్నానని వాళ్లు నొచ్చుకోవచ్చు.

'ఒకసారి చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితులలోనూ తిరిగి ఇవ్వబడదు' అన్న వాక్యం చూసి మీరు సగం ఓడిపోయినట్టు రాశారు. ఆ వాక్యం వాళ్లు రాసుకున్నది, చట్టసభ రాసినది కాదు. మీరు మనసు మార్చుకుని మానేస్తే దానికి కొంత బలం ఉండేది. ఇక్కడ మానేసింది వాళ్లు. ఒకవైపే మొగ్గే ఇలాంటి షరతులకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 'అన్యాయమైన ఒప్పందం' అని నిర్వచనమే ఉంది. కోచింగ్ కేంద్రాల కోసం కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలలో, మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలపు ఫీజును పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఉంది. అది మీ కేసుకు నేరుగా వర్తించే చట్టం కాదు కానీ, న్యాయమైన పద్ధతి ఏదో చూపించడానికి ఫిర్యాదులో ఒక పేరా దాని గురించి రాయండి.

మీరు పంపిన ఫారం ఫోటోను పెద్దది చేసి చదివాను. నాలుగో పేజీలో అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో 'ఉద్యోగం పొందుటలో సహాయం చేయబడును' అని ఉంది. గ్యారంటీ అన్న మాట నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఫోనులో గ్యారంటీ, కాగితం మీద సహాయం! మీ దగ్గరున్నదల్లా వాళ్ల మనిషి వాట్సాప్‌లో పంపిన 22 సెకన్ల మాట: 'మేడమ్, ఉద్యోగం మా బాధ్యత, రాకపోతే మొత్తం వాపసు.' ఆ 22 సెకన్లను బంగారంలా చూసుకోండి. ఆ ఫోను అమ్మకండి, వాట్సాప్ తీసి మళ్లీ వేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకు రెండు భాగాల ధ్రువపత్రం జతచేయాలి. ఒక భాగం మీరు నింపాలి, రెండోది నిపుణుడు. వినియోగదారుల కమిషన్లు ఈ విషయంలో కోర్టులంత పట్టుబట్టవు, అయినా జతచేసి పంపడం మంచిది.

అయితే కేసంతా ఉద్యోగం గ్యారంటీ మీద కట్టవద్దని నా సలహా. కోర్సే పూర్తి కాలేదు కాబట్టి గ్యారంటీ అమలయ్యే రోజు ఇంకా రాలేదు అని వాళ్లు తప్పించుకుంటారు. మీ అసలు బలం టైమ్ టేబుల్ కాగితం. శనివారం, ఆదివారం రెండేసి గంటలు మాస్టారు ఎదురుగా ఉండి పాఠం చెబుతారు, సందేహాలు తీరుస్తారు అని వాళ్లే అచ్చువేసి ఇచ్చారు. నాలుగో వారం నుంచి ఆ మాస్టారు లేరు. రాసిన ప్రోగ్రాం ఎందుకు నడవడం లేదో చెప్పే మనిషి లేకుండా వీడియో చూసి జావా నేర్చుకోవడం, గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టే. దీన్ని చట్టం సేవాలోపం అంటుంది, నిరూపించడమూ తేలిక. ప్రతి వారం వచ్చిన క్లాసు లింకులు, 'మాస్టారు ఎప్పుడు వస్తారు' అని మీరు అడిగిన సందేశాలు తేదీల వరుసలో పెట్టండి.

ఎంత అడగాలి? మీరు లెక్కల టీచరు కదా, సరిచూడండి. నెలకు నాలుగు వారాల లెక్కన ఆరు నెలలంటే 24 వారాలు. మూడు వారాల పాఠం మీకు అందింది, దాని విలువ 82,000లో ఎనిమిదో వంతు, 10,250. ఇంతవరకు మీరు కట్టింది 28,000. అంటే 17,750 మీకు తిరిగి రావాలి, మిగిలిన 54,000 బాకీని సంస్థే ఫైనాన్స్ కంపెనీకి తీర్చాలి. మొత్తం ఫీజూ వెనక్కి ఇమ్మంటే వినడానికి బాగుంటుంది. కానీ అందిన పాఠానికి ధర వదిలి అడిగేవారి మాటకు కమిషన్ ముందు విలువ ఎక్కువ. మనోవేదనకు, ఖర్చులకు పరిహారం వేరుగా అడగండి.

ఫిర్యాదు మీ ఊరి నుంచే వేయవచ్చు. ఫిర్యాదీ నివసించే చోటనే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. ఫారంలో 'బెంగళూరు ఆర్బిట్రేషన్ మాత్రమే', అంటే తగాదా అక్కడి మధ్యవర్తి ముందే తేల్చుకోవాలి, అని ఉన్నా వెనకాడకండి, ఆ షరతు వినియోగదారుల కమిషన్‌కు అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. ఐదు లక్షల లోపు విలువకు ఫిర్యాదు రుసుము లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, తగిన కారణం చూపితే వీడియోలో హాజరు కావడానికీ అనుమతి అడగవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. (ఈ మాట రాసినందుకు మా వకీళ్ల సంఘంలో మిత్రులు నన్ను టీకి పిలవరు.) గడువు రెండేళ్లు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, అంత త్వరగా తేలుతుందని మాత్రం ఆశపెట్టుకోకండి.

ఫిర్యాదులో ఫైనాన్స్ కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చండి. ఇది మరిచిపోతే కేసు గెలిచినా వాయిదా నడుస్తూనే ఉంటుంది. ఫిర్యాదుతో పాటే, తీర్పు వచ్చేవరకు వాయిదాలు వసూలు చేయకూడదని, మీ క్రెడిట్ రికార్డు పాడుచేయకూడదని మధ్యంతర ఉత్తర్వు కోరుతూ విడిగా అర్జీ పెట్టండి. వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కమిషన్‌కు ఆ అధికారం ఇచ్చింది. వాయిదా ఆపించే దారి ఉందని పైన అన్నది ఇదే. ఆ ఉత్తర్వు చేతికి వచ్చాక బ్యాంకుకు వెళ్లండి.

రాత్రి తొమ్మిదింటి ఫోను మాత్రం శుద్ధ తప్పు. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలు కోసం ఫోను చేయకూడదని, బాకీదారు కుటుంబసభ్యుల జోలికి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. ఏజెంటు చేసినదానికి కంపెనీదే బాధ్యత. కాల్ వివరాల ఫోటోతో కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అప్పు వివరాల పత్రంలో వార్షిక వడ్డీ శాతం ఎంత వేశారో కూడా చూడండి. వడ్డీ లేదన్న అప్పుకు అక్కడ అంకె కనిపిస్తే అది మీకు మరో ఆయుధం.

తప్పుడు ప్రకటనల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. ఉద్యోగ భద్రత పేరుతో అబద్ధపు హామీలు ఇవ్వకూడదని కోచింగ్ రంగానికి 2024 నవంబరులో మార్గదర్శకాలు వచ్చాయి. జరిమానా పడితే ఖజానాకు వెళుతుంది, మీకు రాదు. అయినా హెల్ప్‌లైన్ నుంచి ఒక ఫోను వెళ్లగానే రాజీకి వచ్చిన సంస్థలను చూశాను.

చివరగా ఒరిజినల్స్. వరుసలో చివర రాశాను కానీ మీరు చేయాల్సిన మొదటి పని ఇదే. ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్లు పట్టుకునే హక్కు వాళ్లకు లేదు. దర్జీ కూలి ఇచ్చేదాకా కుట్టిన జాకెట్టు ఇవ్వననవచ్చు. అప్పగించిన వస్తువు మీద శ్రమ పెట్టినవాడికి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. మీ డిగ్రీ పట్టా మీద వాళ్లు ఒక్క కుట్టూ వేయలేదు. 171వ సెక్షన్ అలాంటి హక్కును బ్యాంకర్లు మొదలైన కొందరికి మాత్రమే ఇచ్చింది, శిక్షణ సంస్థలు ఆ జాబితాలో లేవు. పోయాయని చెప్పి డూప్లికేట్లు తెచ్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎక్కడున్నాయో తెలిసి పోయాయని రాసివ్వడం తప్పుడు ప్రకటన, వాళ్ల బదులు మీరు ఇరుక్కుంటారు.

సర్టిఫికెట్లు ఇచ్చినప్పుడు రసీదు తీసుకున్నట్టు మీరు రాయలేదు. లేకపోతే మీ ఫిర్యాదు నోటీసు అందగానే 'మా దగ్గర ఏమీ లేవు' అనేస్తారు. అందుకని డబ్బు మాట, కేసు మాట ఎత్తకుండా ముందు వాట్సాప్‌లో ఒక మామూలు సందేశం పంపండి: 'మా బడిలో ఒరిజినల్స్ చూపించమంటున్నారు, ఏ రోజు వచ్చి తీసుకోమంటారు?' తేదీ చెప్పినా, ఫీజు కట్టాకే ఇస్తామన్నా, అవి తమ దగ్గర ఉన్నట్టు వాళ్లే రాసి ఇచ్చినట్టవుతుంది. ఆ జవాబు ఫోటో తీసుకుని, వీలైతే సర్టిఫికెట్లు చేతికి తెచ్చుకున్నాకే, పైన చెప్పిన ఫిర్యాదులు వేయండి.