బీటెక్ అయిపోయింది, జాయినింగ్ డేట్ రావడం లేదు. ఎదురుచూడాలా, చిన్న కంపెనీలో చేరిపోవాలా?

2024లో సీఎస్ఈ పూర్తిచేశారు. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, జాయినింగ్ మాత్రం వాయిదా మీద వాయిదా పడుతోంది. ఆగాలా, ఎంటెక్‌లో చేరాలా, లక్షన్నర కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామంటున్న కన్సల్టెన్సీని నమ్మాలా అని అడిగారు. నాది 2009 బ్యాచ్. ఇలాంటి రోజులు దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి సూటిగా చెప్తున్నాను: ఆగకండి. జీతం తక్కువైనా, కంపెనీ పేరు ఎవరూ విననిదైనా, నిజంగా పని ఉన్న చోట చేరిపోండి.

మేం ఫైనల్ ఇయర్‌లో ఉండగా, 2008 సెప్టెంబర్ 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. మన ఐటీ కంపెనీలకు పని ఇచ్చేవాళ్లలో అమెరికా బ్యాంకులు చాలానే ఉండేవి కాబట్టి ఆ దెబ్బ నేరుగా మా ప్లేస్‌మెంట్ల మీద పడింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు కంపెనీ లెక్కలు తప్పని ఒప్పుకుంటూ లేఖ రాశాక హైదరాబాద్‌లో భయం ఇంకా పెరిగింది. అనుభవం ఉన్నవాళ్లే రెజ్యూమెలు పట్టుకుని తిరుగుతుంటే ఇక ఫ్రెషర్లను పట్టించుకునేదెవరు? నాకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ మొదట్లో "త్వరలో తెలియజేస్తాం" అని మెయిల్ పెట్టేది. తర్వాత మెయిళ్లకు జవాబివ్వడమే మానేసింది.

మార్కెట్ కోలుకోగానే పిలుస్తారులే అని అందరూ ధైర్యం చెప్పేవారు. మార్కెట్ కోలుకుంది, కంపెనీలు మళ్లీ కాలేజీలకు వచ్చాయి. కాకపోతే వచ్చింది మా వెనక బ్యాచ్‌ల కోసం. వాక్-ఇన్ ప్రకటనలో మొదటి షరతే ఇయర్ ఆఫ్ పాసింగ్. టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం ఉన్నా, ఒక్క బ్యాక్‌లాగ్ లేకపోయినా, 2009 అని చూడగానే రెజ్యూమె పక్కన పెట్టేసేవారు. మీ విషయంలో నాకున్న భయం కూడా ఇదే. ఫ్రెషర్ల కోసం మళ్లీ తలుపులు తెరిచేనాటికి మీరు ఫ్రెషర్ల లెక్కలో ఉండరు. ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ల లెక్కలోనైనా ఉండాలి కదా.

నేను ఎస్ఆర్ నగర్‌లో హాస్టల్ తీసుకుని అమీర్‌పేటలో ఒరాకిల్ డేటాబేస్ నేర్చుకున్నాను. మంచి కోచింగే, మా సార్ ఓపిగ్గా చెప్పేవారు. అయితే మైత్రీవనం చుట్టుపక్కల ఒక కోర్సు అవగానే ఇంకో కోర్సు, ఆ తర్వాత టెస్టింగ్ టూల్స్ అంటూ ఏళ్లు గడిపేసినవాళ్లను చూశాను. చాలామంది ఇంట్లో ఏదో ఒకటి చెప్పుకోవడానికే చేరేవారు. మీరు ఒక కోర్సుతో ఆపండి.

పంజాగుట్టలో ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో ఆరు వేలకి చేరాను. అందులో సగం హాస్టల్‌కే పోయేది. రాత్రిపూట ఏదో ఒక ఆసుపత్రి ఫార్మసీ నుంచి ఫోన్ వచ్చేది: మందు అరలో కనిపిస్తోంది, సిస్టమ్‌లో స్టాక్ సున్నా చూపిస్తోంది, బిల్లు రావడం లేదు, పేషెంట్ల తాలూకు మనుషులు లైన్లో నిలబడి అరుస్తున్నారు. ఫోన్ చెవికి ఆనించుకునే క్వెరీలు రాస్తూ వెతికితే, వాపసు వచ్చిన స్ట్రిప్పుని ఎవరో వేరే బ్యాచ్ నంబర్ మీద ఎక్కించారని తేలేది. డేటాబేస్‌లో జాయిన్లు, లాకులు నాకు ఒంటబట్టింది ఆ ఫోన్లలోనే. 2011లో పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో పుస్తకాల ప్రశ్నలు రెండు అడిగి, మిగతా టైమంతా ఈ ఫార్మసీ స్టాక్ గురించే అడిగారు. ఉద్యోగం వచ్చింది.

బ్యాక్‌డోర్ జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. మా హాస్టల్లో ఒకతను ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి చేరాడు. కొన్ని నెలలకు వెరిఫికేషన్‌లో దొరికిపోతే ఆ రోజే ఐడీ కార్డు తీసుకుని పంపించేశారు. వాళ్ల నాన్న అప్పు తెచ్చిచ్చిన డబ్బు తిరిగి రాలేదు. ఇప్పుడైతే ఇంకా సులువుగా దొరుకుతారు, ఎందుకంటే మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) కింద ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో కనిపిస్తుంది.

ఎంటెక్ సంగతికొస్తే, గేట్ స్కోరుతో మంచి చోట సీటు వస్తే వెళ్లండి. నెలకు 12,400 స్టైపెండ్ కూడా ఉంటుంది. గ్యాప్ కనబడకూడదని పక్క ఊరి కాలేజీలో ఫీజు కట్టి చేరడం మాత్రం నాకు నచ్చదు. దానికన్నా ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఇచ్చే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూడండి. ఏడాది పాటు స్టైపెండ్ ఇస్తూ పని నేర్పిస్తారు.

ఇంట్లోవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి. "ఇంకా పిలవలేదా" అని చుట్టాలు అడిగిన ప్రతిసారీ వాళ్లూ నలిగిపోతుంటారు. అసలు సంగతి తెలిస్తే మీ తరఫున వాళ్లే మాట్లాడతారు.

పాత ఆఫర్‌ని వదులుకోమని అనడం లేదు. హెచ్ఆర్‌కి మెయిల్ రాసి జాయినింగ్ ఎప్పుడో అడగండి. ఈలోగా వేరే చోట చేరితే ఆ ఆఫర్‌కి ఇబ్బందేమో లెటర్‌లో షరతులు చదవండి. చేరబోయే చిన్న కంపెనీలో మాత్రం మూడు విషయాలు ముందే తేల్చుకోండి: జీతం బ్యాంకులో వేస్తారా, పేస్లిప్ ఇస్తారా, పీఎఫ్ కడతారా. బాండ్ రాయమంటే, అది ఎన్నాళ్లకో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కాగితం మీద చూడందే సంతకం పెట్టకండి. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్నేళ్ల మార్కుల మెమో) ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకుంటామంటే వచ్చేయండి, అలాంటి చోట చేరొద్దు.