అడ్డుపడే ‘లెట్’: యువ రచయితకు ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ మొదటి అంకం అనువాదం చదివాను. సంభాషణలు నోటికి చక్కగా పలుకుతున్నాయి. స్టేజీ మీద నటులు ఇబ్బంది పడరు. నాలుగో రంగంలో ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం.

తండ్రి దెయ్యం రమ్మని సైగ చేస్తుంది. హామ్లెట్ దాని వెంట వెళ్ళబోతాడు. స్నేహితుడు హొరేషియో, కాపలా సైనికుడు మార్సెలస్ అతన్ని పట్టుకుని వదలరు. అప్పుడతను ‘ఐ విల్ మేక్ ఎ గోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మీ’ అంటాడు. నువ్వు ‘నన్ను వెళ్ళనిచ్చినవాణ్ణి దెయ్యాన్ని చేస్తాను’ అని రాశావు. వెళ్ళనిచ్చేవాణ్ణి చంపడం ఏమిటి? అంతకు ముందు మాటే ‘చేతులు తియ్యండి’ కదా! ఇక్కడ ‘లెట్’ అంటే ఆపడం, అడ్డుపడటం. ఇప్పటి అర్థానికి సరిగ్గా ఎదురు.

ఒకే మాటకు రెండు ఎదురు అర్థాలు ఎలా వచ్చాయంటే, అవి మొదట్లో రెండు మాటలు. పాత ఇంగ్లీషులో ‘లెట్టన్’ అంటే ఆలస్యం చేయడం, ఆపడం. మనం రోజూ బస్సు లేటు, జీతం లేటు అంటామే, ఆ ‘లేట్’ దీనికి దగ్గర చుట్టం. ఎవరినైనా లేటు చేస్తే ఆపినట్టే కదా. రెండోది దీర్ఘంతో పలికే ‘లేటన్’. విడిచిపెట్టడం, పోనివ్వడం దాని అర్థం. వందల ఏళ్ళలో చివరి అక్షరాలు రాలిపోయాయి, దీర్ఘం పొట్టిదైంది, రెండూ ‘లెట్’గా కలిసిపోయాయి. ఇంకా వెనక్కి, ఇంగ్లీషు పుట్టకముందుకి వెళితే రెండింటికీ ఒకే ధాతువు ఉందని పండితులు చెబుతారు. నీ పనికి అంత దూరం అక్కర్లేదులే.

షేక్‌స్పియర్ కాలానికి రెండు లెట్‌లూ పక్కపక్కనే బతికి ఉన్నాయి. ఈ రంగంలోనే చూడు. హామ్లెట్ దెయ్యాన్ని మొదట పలకరించినప్పుడు ‘లెట్ మీ నాట్ బర్‌స్ట్ ఇన్ ఇగ్నరెన్స్’ అంటాడు, ఏమీ తెలియక బద్దలైపోనివ్వకు అని. అది మనకు తెలిసిన లెట్. ఆ కాసేపటికే అడ్డుపడే లెట్ వస్తుంది. అప్పటి ప్రేక్షకుడికి ఏ గందరగోళమూ లేదు. చేతులు పట్టుకుని లాగుతున్న ఇద్దరు మనుషులు కళ్ళ ముందే ఉన్నారు.

1611లో వచ్చిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లోనూ ఇదే మాట ఉంది. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయంలో ‘హీ హూ నౌ లెటెత్ విల్ లెట్’ అని చదివి, ‘అనుమతించేవాడు’ అనుకుంటే ఆ వాక్యం తలకిందులైపోతుంది. మన తెలుగు బైబిల్లో అక్కడ ‘అడ్డగించు’ అనే ఉంది. 1946 నాటి రివైజ్డ్ స్టాండర్డ్ అనే ఇంగ్లీషు కొత్త నిబంధనలో అక్కడ ‘లెట్’ లేదు, ‘రిస్ట్రెయిన్స్’ అని ఉంది.

క్రియగా ఈ లెట్ వాడుకలోంచి పోయింది. నామవాచకంగా మాత్రం అక్కడక్కడా మిగిలింది. టెన్నిస్‌లో సర్వీస్ బంతి నెట్‌కి తగిలి సరైన గడిలోనే పడితే ‘లెట్’ అని మళ్ళీ వేయిస్తారు. ఇంకోటి నీ బీరువాలోనే ఉంటుంది. పాస్‌పోర్టు తెరిచి, భారత రాష్ట్రపతి పేరిట ఉన్న అభ్యర్థన చదువు. ఈ పాస్‌పోర్టు ఉన్నవారిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’, అంటే అడ్డూ ఆటంకమూ లేకుండా, వెళ్ళనివ్వమని ఉంటుంది. ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని తిరుగుతున్నాం!

తెలియని మాట వస్తే ఎవరైనా నిఘంటువు తీస్తారు. తెలిసిన మాట దగ్గరే మనం చూడకుండా దాటిపోతాం. తెలుగులోనూ అంతే. రాముడు నారచీరలు కట్టాడని చదివినప్పుడు ‘చీర’ అంటే ఒకప్పుడు ఏ బట్టైనా అని తెలియకపోతే పిల్లలు నవ్వుతారు. అందుకే నాలుగు వందల ఏళ్ళ నాటి వాక్యం అర్థం కాస్త తేడాగా అనిపించిందంటే, అందులో అతి మామూలు మాటనే ముందు అనుమానించు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ప్రతి అర్థం కిందా ఏ ఏట ఎవరు ఎలా వాడారో వరసగా ఉంటుంది. అర్థం ఒక్కటే చూసి మూసేయకుండా ఆ ఉదాహరణలు చదువు. నాటకానికి దగ్గరి సంవత్సరాలవి దొరికితే ఇంకా మేలు.

ఇక ఆ వాక్యం. పాత మాట కదా అని దానికి దీటుగా ‘నన్ను నిరోధించినవాని’ లాంటి గ్రాంథికం పెట్టకు. చేతులు విదిలించుకుంటున్న కుర్రాడు అలా మాట్లాడడు. కింద వివరణా వద్దు, నాటకం చూసేవాడికి అది కనబడదు. ‘నన్ను ఆపినవాడు దెయ్యమైపోతాడు!’ అను. ఇంకో సంగతి, మొదటి రంగంలో ‘ప్రేతం’ అన్నావు, ఇక్కడ ‘దెయ్యం’ అన్నావు. ఎదురుగా దెయ్యం నిలబడి ఉంది కాబట్టే ఈ బెదిరింపుకి పదును. అంకమంతా ఒకే మాట ఉంచితేనే అది తెలుస్తుంది. నా ఓటు దెయ్యానికే.

రెండో అంకం మొదలుపెట్టే ఉంటావు. దాని రెండో రంగంలో, మిత్రులిద్దరూ తనను ఎందుకు చూడవచ్చారో హామ్లెట్ తనే చెప్పేస్తానంటాడు. అక్కడ ‘ప్రివెంట్’ వస్తుంది. దాన్నీ ‘అడ్డుకోవడం’ అని రాసేయకు. ఆ రోజుల్లో ఆ మాటకు ముందుగా వెళ్ళడం అనే అర్థం కూడా ఉంది. మీరు బయటపెట్టే లోపే నేను చెప్పేస్తానంటున్నాడు. అది ఎలా రాశావో చూడాలని ఉంది. ఆ రంగం పూర్తవగానే పంపు.

ఇట్లు,
మీ మాస్టారు