గుండె గోడకు రంధ్రం పడితే ఆపరేషన్‌కు ఎందుకు ఆగుతారు?

ప్రశ్న: ఎటాక్ వచ్చిన నాలుగో రోజు మా నాయనకు గుండె లోపలి గోడకు రంధ్రం పడ్డదని నల్లగొండ నుంచి హైదరాబాద్ పంపిన్రు. అక్కడేమో వెంటనే ఆపరేషన్ చేస్తలేరు. ఎందుకు?

జవాబు: ఇది గుండె కింది రెండు గదుల మధ్య ఉండే గోడ. ఎటాక్‌లో రక్తం అందక చచ్చిన దాని కండ మూడు నుంచి ఐదు రోజులకు బాగా మెత్తబడుతుంది. అప్పుడు కుట్టు వేస్తే నానిన అట్టకు దారం గుచ్చినట్టే, బిగించగానే కోసుకుని వచ్చేస్తుంది. కొన్ని రోజులు ఆగితే అంచులు గట్టిపడతాయి. కానీ బీపీ నిలబడి, మూత్రం సరిగ్గా వస్తుంటేనే ఆగగలరు. అవి పడిపోతుంటే ఆ మెత్తటి కండలోనే ఆపరేషన్ తప్పదు. ఈలోపు చాలామందికి తొడ ధమని గుండా బెలూన్ పంపు (గుండె లయకు తగ్గట్టు ఉబ్బి, తగ్గే చిన్న బెలూన్) పెడతారు. దానితో గుండె మీద బరువూ, రంధ్రం గుండా ఎడమ గది నుంచి కుడి గదిలోకి పోయే రక్తమూ తగ్గుతాయి.

ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషీన్ మీద పెట్టి, ఎడమ జఠరికను (ఎడమవైపు కింది గదిని) చచ్చిన భాగం మీదుగానే తెరుస్తారు. రంధ్రం అంచులను దగ్గరికి లాగి కుట్టరు, అసలు కిటుకు అదే. పశువు గుండెపొర లేదా డాక్రాన్ అనే కృత్రిమ బట్ట ప్యాచ్‌ను రంధ్రం కంటే బాగా పెద్దదిగా కత్తిరించి, దూరంగా ఉన్న బతికిన కండకు కుడతారు. కుట్లు కోసుకోకుండా ఫెల్ట్ (మందపాటి మెత్తటి బట్ట) ముక్కలు ఆనిస్తారు. అయినా కొందరికి ప్యాచ్ అంచున మళ్లీ కారుతుంది.

ప్రమాదం దాచేది కాదు: పదిమందిలో దాదాపు నలుగురు దక్కరు.

బయటి గోడే చిరిగితే మాత్రం ఆగడం అన్న మాటే లేదు. రక్తం గుండె సంచిలో నిండి నిమిషాల్లోనే గుండెను నొక్కేస్తుంది.