టీఐ-84 కాలిక్యులేటర్‌లో 1/2ఎక్స్ అని కొడితే సరళరేఖ ఎందుకొస్తుంది?

మీ అబ్బాయి టీఐ-84లో (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి గ్రాఫింగ్ కాలిక్యులేటర్) 1/2ఎక్స్ గ్రాఫ్ సరళరేఖగా, స్నేహితుడి కాసియోలో వంపు రేఖగా వచ్చిందని, ఏది పాడైందని అడిగారు. రెండూ బాగానే ఉన్నాయండి. వాటిలో పెట్టిన నియమాలే వేరు.

గుణకారం గుర్తు ఉన్నా, లేకపోయినా టీఐ-84కి ఒకటే. ఎడమ నుంచి వస్తూ 1ని 2తో భాగించి, ఆ సగాన్ని ఎక్స్‌తో గుణిస్తుంది. కాసియో గ్రాఫింగ్ మోడళ్లు గుర్తు లేని గుణకారాన్నే ముందు చేస్తాయి. అందుకని 2ఎక్స్ మొత్తం హారంలోకి వెళ్లి అతిపరావలయం, అంటే మీరు చూసిన ఆ వంపు రేఖ, వచ్చింది.

నేను డాలస్‌లో వారాంతాల్లో మన పిల్లలకు ఆల్జీబ్రా చెబుతుంటాను. ఒక పాప ఇంట్లో ఎప్పటిదో టీఐ-82 తెచ్చుకుంది. పక్కనే టీఐ-84. ఒకే కంపెనీవి, అయినా గ్రాఫులు వేరు! 1993లో వచ్చిన టీఐ-82 కూడా కాసియోలాగే చేసేది. 1996లో టీఐ-83తో ఆ వరుస మార్చేశారు.

"బాడ్‌మాస్ ప్రకారం ఏది కరెక్ట్?" అని తల్లిదండ్రులు అడుగుతారు. మనకు బళ్లో నేర్పిన బాడ్‌మాస్ గుర్తు రాయని గుణకారం గురించి ఏమీ చెప్పదు. కానీ ఎనిమిదో తరగతి పుస్తకంలో 6ఎక్స్³ ÷ 2ఎక్స్ కనిపిస్తే మనం ఆలోచించకుండా 3ఎక్స్² అంటాం. అదే వరుసను టీఐ-84లో కొడితే 3ఎక్స్⁴ విలువ వస్తుంది. కాగితం మీద మన అలవాటు పాత టీఐ-82 వైపే ఉంది, అందుకే నాకు ఆ మార్పు నచ్చదు. కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎక్స్ చేసేది నాకు చాలా ఇష్టం: 6÷2(1+2) అని కొడితే తనే బ్రాకెట్లు చేర్చి 6÷(2(1+2)) అని చూపించి, 1 అంటుంది. తను ఎలా అర్థం చేసుకుందో పిల్లల కళ్లకు కనబడుతుంది.

చేతిలో ఉన్నది ఏ రకమో తెలియాలంటే ఎక్స్‌లో 4 దాచి, 1/2ఎక్స్ కొట్టించండి. 2 వస్తే టీఐ-84 పద్ధతి, 0.125 వస్తే కాసియో పద్ధతి. అమెరికా కాలేజీ ప్రవేశాలకు రాసే డిజిటల్ శాట్ పరీక్షలో, తెర మీదే ఉండే డెస్మోస్ కాలిక్యులేటర్‌తో మాత్రం జాగ్రత్త. భాగహారం గీత కొట్టగానే భిన్నం తెరుచుకుంటుంది, కుడి బాణంతో బయటికి వచ్చేదాకా కొట్టినదంతా హారంలోకే పోతుంది.

పరీక్ష ముందు టెన్షన్ వద్దు. సగం ఎక్స్ కావాలంటే (1/2)ఎక్స్ అని, హారంలో కావాలంటే 1/(2ఎక్స్) అని కొట్టమనండి. ఈ రెండూ ఏ మోడల్‌లోనైనా ఒకేలా వస్తాయి.